మీకు తెలుసా? హోమ్ థియేటర్ అంతటికీ ఒకే రిమోట్

రిమోట్ కొసన ఉండే ఎల్‌ఈడీ కంటికి కనిపించని పరారుణ కాంతిని వెదజల్లుతుంది. చాలా రిమోట్లలో ఆ కాంతి సెకనుకు సుమారు 38 వేల సార్లు మినుకుమంటుంది. సోనీ పద్ధతిలో 40 వేలు, ఫిలిప్స్ ఆర్‌సీ-5లో 36 వేలు. సంకేతాల కూర్పూ కంపెనీకో రకం. టీవీ రిమోట్‌కు యాంప్లిఫయర్ పలకనిది అందుకే.

యూనివర్సల్ రిమోట్‌లో ఈ కూర్పులు ముందే నిక్షిప్తమై ఉంటాయి. సెటప్ బటన్ నొక్కిపట్టి, కంపెనీకి కేటాయించిన కోడ్ కొట్టాలి. కోడ్ దొరక్కపోతే ఆటో సెర్చ్ ఉంది, కాస్త ఓపిక ఉండాలి. కొన్ని రిమోట్లు పాత రిమోట్‌ను ఎదురుగా పెడితే దాని సంకేతాలను నేర్చేసుకుంటాయి. యాపిల్ సహ వ్యవస్థాపకుడు స్టీవ్ వోజ్నియాక్ కంపెనీ 1987లో తెచ్చిన ‘కోర్’ అలాంటిదే.

అసలు చిక్కంతా పవర్ బటన్‌తోనే. చాలా పరికరాల్లో ఆన్‌కూ ఆఫ్‌కూ సంకేతం ఒక్కటే. అన్నిటినీ ఒకేసారి వెలిగించే బటన్ పెట్టుకుంటే, అప్పటికే నడుస్తున్న టీవీ కాస్తా ఆరిపోయి సౌండ్ సిస్టమ్ మాత్రం మోగుతుంది. ఆన్, ఆఫ్‌లకు విడివిడి కోడ్‌లుంటే ఈ బాధ ఉండదు. బ్లూటూత్‌తో నడిచే స్ట్రీమింగ్ స్టిక్‌లకు పరారుణ రిమోట్ బొత్తిగా పనికిరాదు.

రిమోట్ పనిచేస్తోందో లేదో చూడాలంటే, ఎల్‌ఈడీని ఫోన్ కెమెరా ముందు పెట్టి బటన్ నొక్కాలి. చాలా ఫోన్లలో ఊదారంగు మెరుపు కనిపిస్తుంది.