పాత డీజిల్ పికప్ వాహనం కొనుగోలు

డీజిల్ ఇంజనుతో నడుస్తూ, ముందు డ్రైవరు క్యాబిను, వెనుక సరుకులు వేయుటకు పైకప్పు లేని తొట్టి గల తేలికపాటి రవాణా వాహనాన్ని పికప్ అంటారు. ఇదివరకే ఒకరి పేరున నమోదై, వాడకంలో ఉన్న ఇటువంటి వాహనాన్ని కొనేటప్పుడు దాని పత్రాలను, ఛాసిస్‌ను, ఇంజనును విడివిడిగా పరిశీలించవలసి ఉంటుంది. ఇంజనులోని లోపాలు ఖర్చుతో సరిచేయించుకోదగినవి. విరిగి అతికించిన ఛాసిస్‌ను, చిక్కుల్లో ఉన్న పత్రాలను సరిచేయడం చాలా కష్టం. అందువలన పత్రాలు, ఛాసిస్, ఇంజను అనే వరుసలో పరిశీలన సాగించడం మేలు.

నేపథ్యం

ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రాలలో కూరగాయలు, పాలు, చేపలు, ఎరువులు, సిమెంటు వంటి సరుకులు పల్లెల నుండి పట్టణాలకు, పట్టణాల నుండి పల్లెలకు చేరవేయుటకు పికప్ వాహనాలను విరివిగా వాడుతారు. మహీంద్రా బొలేరో పికప్, 2005లో విడుదలైన టాటా ఏస్, 2011లో వచ్చిన అశోక్ లేలాండ్ దోస్త్ ఈ తరగతిలో బాగా తెలిసిన వాహనాలు. ఇసుజు సంస్థ 2016లో శ్రీసిటీలో కర్మాగారాన్ని ప్రారంభించి, అక్కడ డి-మాక్స్ పికప్‌లను తయారు చేసింది. స్వయం ఉపాధి కోరే డ్రైవర్లు, చిన్న రైతులు తరచుగా అప్పు చేసి పాత వాహనాన్ని కొంటారు. వాహనం మూలపడితే రాబడి ఆగిపోతుంది కాని అప్పు వాయిదాలు ఆగవు. కనుక కొనుగోలుకు ముందు చేసే పరిశీలనకు ప్రాధాన్యం ఉంది.

పత్రాల పరిశీలన

రిజిస్ట్రేషను పత్రంలోని ఛాసిస్ నంబరు, ఇంజను నంబరు వాహనంపై చెక్కిన నంబర్లతో అక్షరమక్షరం సరిపోవాలి. ఛాసిస్ నంబరుపై కాగితం ఉంచి పెన్సిలుతో రుద్ది అచ్చు తీస్తే, అంకెలను అరగదీసి మార్చిన జాడలు బయటపడతాయి. ఇంజను మార్చిన వాహనమైతే ఆ మార్పు రవాణా శాఖ రికార్డులో నమోదై ఉండాలి.

* ఋణం: పత్రంలో ఫైనాన్సు సంస్థ పేరు ఉన్నట్లయితే, ఋణం తీరినట్లు ఆ సంస్థ ఇచ్చే నిరభ్యంతర పత్రం, సంతకం చేసిన ఫారం 35 తీసుకోవాలి. వాయిదాలు కట్టనందున ఫైనాన్సు సంస్థ స్వాధీనం చేసుకుని అమ్మే 'సీజింగ్' వాహనాల విషయంలో ఇది మరింత ముఖ్యం.
* ఫిట్‌నెస్: రవాణా వాహనానికి ఎనిమిది సంవత్సరాల వయస్సు వరకు రెండేళ్ళకొకసారి, ఆ తరువాత ఏటా ఫిట్‌నెస్ ధ్రువీకరణ అవసరం.
* పర్మిట్: మొత్తం బరువు 3,000 కిలోలు మించని సరుకు వాహనాలకు మోటారు వాహనాల చట్టం, 1988 ప్రకారం పర్మిట్ అవసరం లేదు. అంతకు మించిన వాటికి చెల్లుబాటులో ఉన్న పర్మిట్ ఉండాలి.
* బకాయిలు: రవాణా పన్ను, పోలీసు చలానాలు బాకీ ఉన్నాయేమో రవాణా శాఖ వెబ్‌సైటులో వాహన నంబరు ద్వారా చూడవచ్చును.
* వేరే రాష్ట్రపు వాహనం: అక్కడి రిజిస్ట్రేషను అధికారి ఇచ్చే నిరభ్యంతర పత్రం (ఫారం 28) లేనిదే కొనుట తగదు.

యాజమాన్య మార్పిడికి ఫారం 29, ఫారం 30 సమర్పించాలి. రాష్ట్రం లోపలి అమ్మకాలలో అమ్మినవారు 14 రోజులలో, కొన్నవారు 30 రోజులలో ఈ సంగతి రిజిస్ట్రేషను అధికారికి తెలపాలని చట్టంలోని 50వ సెక్షను చెబుతుంది. ఖాళీ ఫారాలపై సంతకాలు తీసుకుని, పేరు మార్చుకోకుండానే ఏళ్ళ తరబడి వాహనం నడిపే అలవాటు ఇరుపక్షాలకూ ప్రమాదకరం. వాహనం ఎన్ని చేతులు మారినా, ప్రమాదం జరిగిన నాటికి రికార్డులో ఎవరి పేరు ఉంటే వారే పరిహార బాధ్యత గల యజమాని అని 2018లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. బీమాను కూడా 14 రోజులలోగా కొన్నవారి పేరున మార్పించుకోవాలి. లేనిచో వాహనానికి కలిగే నష్టానికి పరిహారం అందకపోవచ్చు.

ఛాసిస్, తొట్టి

పికప్ వాహనాన్ని తిరిగిన దూరం కంటే మోసిన అధిక భారం ఎక్కువగా దెబ్బతీస్తుంది. వాహనాన్ని గుంట మీదకు గాని, సర్వీసు కేంద్రంలోని లిఫ్టు మీదకు గాని ఎక్కించి అడుగు భాగం చూడాలి. వెనుక కమాన్ పట్టీలను బిగించిన చోట, క్యాబినుకు తొట్టికి మధ్యనున్న భాగంలో ఛాసిస్‌పై పగుళ్ళు, వెల్డింగు అతుకులు, అదనపు రేకులు కనిపిస్తే అది అధిక భారం మోసినదనో, ప్రమాదానికి గురైనదనో భావించవచ్చు. కంపెనీ ఇచ్చిన వాటికంటే ఎక్కువ పట్టీలు వేసి ఉండటం కూడా అధిక భారానికి గుర్తే. చదునైన నేలపై ఖాళీగా నిలిపినప్పుడు వాహనం ఒక వైపుకు వాలి ఉండరాదు. టైర్లు ఒక అంచున మాత్రమే అరిగి ఉంటే చక్రాల అమరికలోనో, ఇరుసులోనో లోపం ఉండవచ్చు.

కోస్తా ప్రాంతంలో చేపలు, రొయ్యలు మోసిన వాహనాలలో ఉప్పునీరు, మంచునీరు కారి తొట్టి అడుగు, ఛాసిస్ తుప్పు పట్టుతాయి. ఎరువులు మోసిన వాటిలోనూ తుప్పు త్వరగా వస్తుంది. కొత్తగా నల్లరంగు పూసిన అడుగు భాగాన్ని చిన్న సుత్తితో తట్టి చూస్తే, గట్టి లోహం గణగణమంటుంది. తుప్పు తిన్నది బొదబొదమంటుంది.

2020 అక్టోబరులో హైదరాబాదులోను, 2024 సెప్టెంబరులో విజయవాడలోను వచ్చిన వరదలలో అనేక వాహనాలు నీట మునిగాయి. సీటు బెల్టును పూర్తిగా బయటకు లాగినప్పుడు కనిపించే బురద మరక, సీట్ల కింద ఎండిన ఒండ్రు, వైర్ల కనెక్టర్లలో పచ్చని చిలుము నీట మునిగిన వాహనానికి ఆనవాళ్ళు.

ఇంజను పరిశీలన

ఇంజను చల్లగా ఉన్నప్పుడే, వీలైతే ఉదయాన్నే, స్టార్టు చేసి చూడాలి. కొనుగోలుదారు వచ్చేసరికే ఇంజను వేడెక్కి ఉంటే, చల్లబడిన తరువాత మరల పరీక్షించడం మంచిది. స్టార్టు చేసిన తరువాత పొగ రంగును గమనించాలి.

* నల్ల పొగ: గాలి చాలకపోవడం, లేదా ఇంజెక్టర్లు అధికంగా ఇంధనం చిమ్మడం.
* నీలి పొగ: ఇంజను ఆయిలు దహన గదిలోకి చేరి మండడం. పిస్టను రింగులు, వాల్వు సీళ్ళు లేదా టర్బో అరిగి ఉండవచ్చు.
* తెల్ల పొగ: చలిలో కొద్దిసేపు వస్తే సహజం. ఆగకుండా వస్తే ఇంధనం సరిగా మండటం లేదనో, కూలెంటు లోపలికి కారుతున్నదనో అర్థం.

ఇంజను నడుస్తుండగా ఆయిలు పోసే మూతను జాగ్రత్తగా వదులు చేసి చూడాలి. అక్కడి నుండి పొగ బలంగా ఎగదన్నుతుంటే రింగులు, సిలిండర్లు అరిగినట్లే. దీనినే మెకానిక్కులు 'ఇంజను బోరుకు వచ్చింది' అంటారు. డీజిల్ ఇంజనులో ఆయిలు నల్లగా ఉండటం లోపం కాదు. అది పాలు కలిసిన కాఫీ రంగులో ఉంటే మాత్రం నీరు కలిసినట్లు. ఇంజను పూర్తిగా చల్లబడిన తరువాతనే రేడియేటరు మూత తెరిచి, కూలెంటుపై నూనె తెట్టు ఉన్నదేమో చూడాలి.

2020 ఏప్రిల్ 1 నుండి అమలైన బీఎస్-6 ప్రమాణాల డీజిల్ వాహనాలలో పొగలోని మసిని పట్టే వడపోత, కొన్ని నమూనాలలో యూరియా ద్రావణంతో పనిచేసే వ్యవస్థ ఉంటాయి. వీటి మరమ్మతు ఖరీదైనది. తాళం తిప్పగానే హెచ్చరిక దీపాలు వెలిగి, ఇంజను స్టార్టు కాగానే ఆరిపోవాలి. ఒక దీపం అసలు వెలగకపోతే లోపాన్ని దాచేందుకు దానిని తొలగించారేమోనని అనుమానించాలి.

నడిపి చూచుట

ఖాళీగానే కాక, వీలైతే కొంత బరువు వేసి, ఎత్తు మీదకు నడిపి చూడాలి. ఇంజను వేగం పెరిగినా బండి వేగం పెరగకపోతే క్లచ్ ప్లేటు జారుతున్నట్లు. వెనుక ఇరుసు నుండి ఊళ శబ్దం వస్తే క్రౌన్ పినియన్ అరిగి ఉండవచ్చు. బ్రేకు వేసినప్పుడు బండి ఒక పక్కకు లాగరాదు.

మీటరులోని కిలోమీటర్లను మాత్రమే నమ్మరాదు. రోజుకు 120 కిలోమీటర్ల చొప్పున ఏడాదికి 300 రోజులు తిరిగే వాహనం ఐదేళ్ళలో 1,80,000 కిలోమీటర్లు తిరుగుతుంది. అటువంటి వాహనపు మీటరు 70,000 చూపుతూ, పెడళ్ళ రబ్బరు, స్టీరింగు నున్నగా అరిగి ఉంటే, సర్వీసు రికార్డును అడిగి చూడాలి.

ధర నిర్ణయం

తెలిసిన మెకానిక్కు చేత మరమ్మతుల ఖర్చు అంచనా వేయించి, ఆ మొత్తాన్ని ధరలో తగ్గించమని అడగడం వాడుకలో ఉన్న పద్ధతి. అయితే ఛాసిస్ పగుళ్ళకు, సరిపోలని నంబర్లకు, తీరని ఋణానికి ధర తగ్గింపు పరిష్కారం కాదు. అటువంటి వాహనాన్ని ఎంత చౌకగా వచ్చినా వదులుకొనుటయే ఉత్తమం.

ఇవి కూడా చూడండి

* డీజిల్ ఇంజను
* మోటారు వాహనాల చట్టం, 1988
* భారత్ స్టేజ్ ఉద్గార ప్రమాణాలు