ఏఐ ఉండగా డేటా అనలిటిక్స్ డిగ్రీ ఎందుకు? మా చిట్యాల పత్తి లెక్కతో చూద్దాం

ఫోన్‌లో ఎక్సెల్ ఫైల్ అప్‌లోడ్ చేసి, "దీన్ని అనలైజ్ చెయ్" అని తెలుగులో అడిగితే చాలు. సగటు, గ్రాఫ్, సారాంశం అన్నీ క్షణాల్లో వచ్చేస్తున్నాయి. మరి ఇదే పని నేర్చుకోవడానికి నాలుగేళ్ల చదువు ఎందుకన్నా? చిట్యాల వెళ్లినప్పుడల్లా డేటా సైన్స్ చదివే జూనియర్లు నన్ను అడిగేది ఇదే.

ముందు టైమ్‌లైన్ చూద్దాం. ఐఐటీ హైదరాబాద్ 2019లోనే ఏఐలో బీటెక్ మొదలుపెట్టింది. జేఎన్‌టీయూ హైదరాబాద్ ఆర్22 సిలబస్ 2022-23 బ్యాచ్‌తో అమల్లోకి వచ్చింది. చాట్‌జీపీటీ రిలీజైంది 2022 నవంబర్ 30న. అంటే ఆ సిలబస్ తయారయ్యే నాటికి కోడ్ రాయడం ఎక్కువగా మనిషి పనే. 2023 జూలైలో చాట్‌జీపీటీ పెయిడ్ యూజర్లకు కోడ్ ఇంటర్‌ప్రెటర్ వచ్చింది. ఫైల్ ఇస్తే పైథాన్ కోడ్ తనే రాసి, తనే రన్ చేసి జవాబిచ్చే ఫీచర్ అది.

ఇక మనకు మిగిలిన పనేంటి? మా దగ్గర అందరికీ తెలిసిన పత్తినే తీసుకుందాం.

2025-26కి పొడవు పింజ పత్తి మద్దతు ధర క్వింటాల్‌కు రూ.8,110. తేమ 8 శాతం దాటితే సీసీఐ ధర తగ్గిస్తుంది, 12 శాతం దాటితే అసలు కొనదు. ఇప్పుడు పది మంది రైతులు తలా పది క్వింటాళ్లు తెచ్చారనుకోండి. ఆరుగురి పత్తిలో తేమ 8 శాతమే, పూర్తి ధర వచ్చింది. మిగతా నలుగురిది 12 దాటింది. వాళ్లు ప్రైవేటు వ్యాపారికి రూ.6,500 చొప్పున అమ్ముకున్నారు.

కొనుగోలు కేంద్రం షీట్‌ను ఏఐకి ఇస్తే సగటు ధర రూ.8,110 అంటుంది. పది మందినీ కలిపితే అసలు సగటు రూ.7,466. క్వింటాల్‌కు రూ.644 తేడా! ఏఐ కూడికలో తప్పు లేదు. ఆ నలుగురు షీట్‌లోనే లేరు. స్టాటిస్టిక్స్‌లో దీన్నే సెలెక్షన్ బయాస్ అంటారు. తేమ రూల్ చెప్పి అడిగితే ఏఐ కూడా ఈ లోపాన్ని పట్టుకోవచ్చు. కానీ అలా అడగాలని ముందు మనకు తట్టాలి కదా.

అందుకే నా లెక్కలో క్లాసులో మారాల్సినవి మూడు. ఒకటి, ల్యాబ్‌లో శుభ్రం చేసిన రెడీమేడ్ డేటాసెట్ బదులు స్టూడెంట్లే మార్కెట్‌కో పంచాయతీకో వెళ్లి డేటా తేవాలి. రెండు, ఏఐ వాడనివ్వాలి, కానీ అదిచ్చిన జవాబులో తప్పు పట్టినందుకు మార్కులు ఇవ్వాలి. మూడు, రికార్డు బుక్ కన్నా వైవాకు వెయిటేజీ పెంచాలి. "ఈ నంబర్ ఎలా వచ్చింది? ఇందులో ఎవరు లేరు?" అని సార్ అడిగితే ఫోన్ చూడకుండా చెప్పగలగాలి. నేను చదివిన కాలేజీలో పరీక్ష పేపర్ మీద కోడ్ బట్టీపట్టి రాశాం. ఆ పరీక్షను ఇప్పుడు ఏ చాట్‌బాట్ అయినా పాసవుతుంది.

స్టాటిస్టిక్స్, ఎస్‌క్యూఎల్ బేసిక్స్ మాత్రం వదలొద్దు. అవి రాకపోతే ఏఐ తప్పు చెప్పినా తెలియదు.

కాలేజీ మారేదాకా ఆగక్కర్లేదు. ఈ వారం మీ ఊరి డేటా ఏదైనా ఒకటి ఏఐకి ఇచ్చి, జవాబు రాకముందే మీ అంచనా కాగితం మీద రాసుకోండి. రెండూ కలవకపోతే ఎందుకో వెతకండి. నాలుగేళ్లలో నేర్చుకోవాల్సిన అసలు పని అదే.