కోత గంటన్నర, కాపలా జీవితాంతం

బరువు తగ్గించే ఆపరేషన్ కోసం సముద్రం దాటే అండమాన్ వాసులకు అసలు పరీక్ష ఇంటికి తిరిగొచ్చాకే మొదలవుతుంది

అది 2014 సెప్టెంబర్. అప్పటి కేంద్ర ఆర్థిక మంత్రి అరుణ్ జైట్లీ ఢిల్లీలోని ఒక ప్రైవేటు ఆస్పత్రిలో బరువు తగ్గించే శస్త్రచికిత్స చేయించుకున్నారు. ఏళ్ల తరబడి వేధిస్తున్న మధుమేహాన్ని అదుపులోకి తెచ్చుకోవాలన్నది ఉద్దేశం. నెల తిరక్కుండానే ఆయన మళ్లీ ఆస్పత్రిలో, ఈసారి ఎయిమ్స్‌లో, చేరాల్సి వచ్చింది. కోలుకుని విధుల్లోకి వచ్చారు కూడా. అంతకు మూడేళ్ల ముందు, 2011లో, అప్పటి బీజేపీ అధ్యక్షుడు నితిన్ గడ్కరీ ముంబైలో ఇలాంటి ఆపరేషనే చేయించుకున్నారు. ఆ తర్వాత దాని గురించి ఆయన దాపరికం లేకుండా మాట్లాడారు కూడా. ఈ ఇద్దరు నేతలకూ ఉన్న ఒక సౌకర్యం మాత్రం పెద్దగా చర్చకు రాలేదు. కాస్త తేడా చేస్తే చాలు, నిపుణులున్న ఆస్పత్రి కారులో వెళ్లేంత దూరంలోనే ఉంది.

శ్రీ విజయపురంలో ఉండేవారికి ఆ సౌకర్యం లేదు. 2024 సెప్టెంబర్ దాకా పోర్ట్ బ్లెయిర్‌గా ఉన్న ఈ అండమాన్ రాజధాని నుంచి చెన్నైకి, విశాఖపట్నానికి సుమారు 1,200 కిలోమీటర్లు, కోల్‌కతాకు మరికాస్త ఎక్కువ. ఓడలో అయితే రెండున్నర నుంచి మూడు రోజులు. విమానంలో రెండు గంటల పైచిలుకే. కానీ టికెట్ దొరకాలి, వాతావరణం అనుకూలించాలి. ఊబకాయానికి శస్త్రచికిత్సలు నిత్యం చేసే బృందాలు ఎక్కువగా ఉన్నది అవతలి ఒడ్డునున్న మహానగరాల్లోనే. ఆపరేషన్ కోసం ఒకసారి సముద్రం దాటడం కష్టమే అయినా సాధ్యమే. ఆ తర్వాత ఏళ్ల తరబడి అవసరమయ్యే వైద్యం సంగతే అసలు చిక్కు.

సగానికి దగ్గర

ఈ చిక్కు ఏ కొద్దిమందికో పరిమితం కాదు. 2019-21లో జరిగిన ఐదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం అండమాన్ నికోబార్‌లో పురుషుల్లో 45 శాతం, మహిళల్లో 38 శాతం మంది ఉండాల్సిన దానికంటే ఎక్కువ బరువున్నారు. దేశం మొత్తం మీద చూస్తే ఆ సంఖ్య పురుషుల్లో 23 శాతం, మహిళల్లో 24 శాతం మాత్రమే. అంటే ద్వీపాల్లోని మగవారి విషయంలో అది జాతీయ సగటుకు దాదాపు రెట్టింపు. వీరిలో శస్త్రచికిత్స దాకా వెళ్లాల్సినవారు కొద్దిమందే. అయినా పునాది ఇంత విశాలంగా ఉన్నప్పుడు ఆ కొద్దిమంది సంఖ్య కూడా పెరుగుతూనే ఉంటుంది.

తెలుగువారికీ ఇందులో వాటా ఉంది. 2011 జనాభా లెక్కల ప్రకారం ద్వీపాల్లోని 3.8 లక్షల మందిలో తెలుగు మాతృభాషగా ఉన్నవారు 13 శాతం పైనే. శ్రీకాకుళం, విశాఖ తీరాల నుంచి చేపల వేటకు, కూలి పనులకు వలస వచ్చినవారి పిల్లలు, మనవలు ఇప్పుడు ఉద్యోగాల్లో, వ్యాపారాల్లో స్థిరపడ్డారు. వలలు లాగిన తరం తిన్నంత అన్నాన్ని కుర్చీలో కూర్చునే తరం కూడా తింటే ఆ లెక్క శరీరంలో తేలుతుంది. అలాగని తప్పంతా తిండి మీదికే నెట్టడం అన్యాయం. వంశపారంపర్యం, హార్మోన్లు, నిద్ర, మందులు, మానసిక ఒత్తిడి అన్నీ కలిస్తేనే ఊబకాయం. ఒక స్థాయి దాటాక కేవలం పట్టుదలతో దాన్ని జయించి, ఆ విజయాన్ని నిలబెట్టుకునేవారు చాలా తక్కువ.

ఎవరికి అర్హత?

ఉదాహరణకు జంగ్లీఘాట్‌లో ఉండే 42 ఏళ్ల స్కూల్ టీచర్‌ను ఊహించుకోండి. ఎత్తు 158 సెంటీమీటర్లు, బరువు 96 కిలోలు. ఎనిమిదేళ్లుగా మధుమేహం, మెట్లెక్కితే మోకాళ్ల నొప్పి, రాత్రిళ్లు గురక. బరువును ఎత్తుతో లెక్కగట్టే శరీర ద్రవ్యరాశి సూచిక, అంటే బీఎంఐ, ఆమెకు 38 దాటింది.

ఆమె అర్హురాలా అంటే సమాధానం అడిగిన చోటును బట్టి మారుతుంది. 1991లో అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థ నిపుణులు పెట్టిన గీత ప్రకారం బీఎంఐ 40 దాటాలి. లేదా 35 దాటి మధుమేహం లాంటి జబ్బు తోడవ్వాలి. భారతీయుల్లో తక్కువ బరువుకే మధుమేహం, గుండెజబ్బు వస్తాయి కాబట్టి ఇక్కడి వైద్యులు ఆ అంకెలను 37.5కు, 32.5కు దించారు. 2022లో అంతర్జాతీయ శస్త్రవైద్య సంఘాలు తమ గీతను ఇంకా కిందికి జరిపాయి. ఆసియా దేశాలవారికి 27.5 దాటినా శస్త్రచికిత్సను పరిశీలించవచ్చన్నాయి. వైద్యుల లెక్క ప్రకారం టీచర్‌కు అర్హత ఉన్నట్లే.

బీమా లెక్క వేరు. బీమా నియంత్రణ సంస్థ 2019లో రూపొందించిన ప్రామాణిక నిబంధన ఇప్పటికీ పాత అంకెలనే పట్టుకుంది. 40 దాటాలి, లేదా 35 దాటి గుండెజబ్బు, తీవ్రమైన నిద్రలో శ్వాస ఆటంకం, మందులకు లొంగని మధుమేహం లాంటివి ఉండాలి. టీచర్‌కు మధుమేహం ఉంటే చాలదు, వైద్యం చేయించుకుంటున్నా అది అదుపులో లేదని కాగితాలు చూపాలి. ఖర్చు లక్షల్లో ఉంటుంది. రోగితో వెళ్లే మనిషికి రానుపోను టికెట్లు, పరాయి ఊళ్లో అద్దె గది, సెలవులు అదనం. మెయిన్‌ల్యాండ్ రోగి బిల్లులో ఈ పద్దులుండవు.

పొట్టలో ఏం చేస్తారు?

ఈ వైద్యానికి ఆద్యుడు అమెరికాలోని అయోవా విశ్వవిద్యాలయ శస్త్రవైద్యుడు ఎడ్వర్డ్ మేసన్. 1966లో ఆయన చేసిన గ్యాస్ట్రిక్ బైపాస్ ఎన్నో మార్పులతో నేటికీ కొనసాగుతోంది. జీర్ణాశయంలో చిన్న సంచి మాత్రమే వదిలి, దాన్ని నేరుగా చిన్నపేగుకు కలుపుతారు. ఎక్కువగా చేస్తున్న మరో పద్ధతి స్లీవ్ గ్యాస్ట్రెక్టమీ. ఇందులో జీర్ణాశయంలో దాదాపు మూడొంతుల పైగా కోసి తీసేస్తారు. అరటికాయ ఆకారంలో గొట్టం మిగులుతుంది. చిన్న రంధ్రాల గుండా చేసే ఈ ఆపరేషన్‌కు గంట, గంటన్నర చాలు. రెండు మూడు రోజుల్లో ఇంటికి పంపేస్తారు.

సంచి చిన్నదయింది కాబట్టే బరువు తగ్గుతారన్నది సగం నిజం. ఆకలి పుట్టించే గ్రెలిన్ హార్మోన్ ఎక్కువగా తయారయ్యే భాగం స్లీవ్‌లో తొలగిపోతుంది. పేగు నుంచి మెదడుకు వెళ్లే సంకేతాలు మారిపోతాయి. అందుకే చాలామందికి బరువు తగ్గకముందే చక్కెర తగ్గడం మొదలవుతుంది. ఏడాది, రెండేళ్లలో మొత్తం బరువులో పావు వంతు తగ్గడం మామూలే. అంటే టీచర్ 72 కిలోల దగ్గర ఆగవచ్చు. స్వీడన్‌లో 1987లో మొదలైన సుదీర్ఘ అధ్యయనంలో శస్త్రచికిత్స చేయించుకున్నవారిలో మరణాలు తక్కువని 2007లో తేలింది. అనుభవజ్ఞుల చేతిలో ప్రాణాపాయం వెయ్యి మందిలో ఒకరి స్థాయికి పడిపోయింది.

తుపాను రోజు వాంతులైతే?

ఈ గణాంకాలన్నీ వైద్యుడు అందుబాటులో ఉన్నచోట పుట్టినవి. కుట్టు దగ్గర లీకేజీ వందలో ఒకరిద్దరికి రావచ్చు. అది ఎక్కువగా మొదటి నెలలోనే బయటపడుతుంది. గుండె దడ, జ్వరం, కడుపులో లేదా ఎడమ భుజంలో నొప్పి దాని ఆనవాళ్లు. గంటలు గడిచేకొద్దీ ముప్పు పెరుగుతుంది. ఆపరేషనయిన వారానికే ఓడెక్కి మూడు రోజులు సముద్రం మీద ఉండేవారికి ఈ ఆనవాళ్లు కనిపిస్తే చేయగలిగింది తక్కువే. కాళ్ల నరాల్లో రక్తం గడ్డకట్టే ప్రమాదం కూడా ఆ రోజుల్లోనే ఎక్కువ. గంటల తరబడి కదలకుండా కూర్చునే ప్రయాణం దానికి ఆజ్యం పోస్తుంది. అందుకే తిరుగు టికెట్ తేదీని సెలవులను బట్టి కాకుండా శస్త్రవైద్యుడి మాటను బట్టి వేసుకోవాలి.

మరో ప్రమాదం చడీచప్పుడు లేకుండా వస్తుంది. రెండు మూడు వారాల పాటు వాంతులు ఆగకపోతే శరీరంలో థయమిన్, అంటే బి1 విటమిన్, నిల్వలు ఖాళీ అవుతాయి. చూపు మసకబారి, నడక తడబడి, మతిమరుపు మొదలైందంటే మెదడు దెబ్బతింటున్నట్లే. ఈ స్థితిలో థయమిన్ ఇవ్వకుండా గ్లూకోజ్ ఎక్కిస్తే పరిస్థితి మరింత విషమిస్తుంది. నీరసంగా వచ్చిన రోగికి గ్లూకోజ్ సీసా పెట్టడం ఎక్కడైనా మామూలే. కాబట్టి రోగి దగ్గర ఏ ఆపరేషన్ జరిగిందో, ఏం చేయాలో, ఏం చేయకూడదో రాసిన ఒక్క కాగితం ఉంటే అది ప్రాణం నిలబెట్టగలదు.

రాజధానిలో జి.బి.పంత్ ఆస్పత్రి ఉంది. 2015 నుంచి దానికి అనుబంధంగా వైద్య కళాశాల కూడా నడుస్తోంది. ఉత్తరాన డిగ్లీపూర్‌లోనో, దక్షిణాన క్యాంప్‌బెల్ బేలోనో ఉండేవారికి ఆ పంత్ ఆస్పత్రే దూరపు చుట్టం. గాలివాన రోజుల్లో ద్వీపాల మధ్య పడవలు, హెలికాప్టర్లు ఆగిపోతాయి. ఇక వారికి సముద్రం ఒక్కసారి కాదు, రెండుసార్లు అడ్డు.

పళ్లెం మారినప్పుడు

ఇంటికొచ్చాక వంటగదిలో కొత్త జీవితం మొదలవుతుంది. మొదటి రెండు వారాలు పల్చటి మజ్జిగ, వడగట్టిన చారు, పప్పుకట్టు, అవి కూడా చిన్న గుటకలుగా. తర్వాత మెత్తగా చేసిన తిండి. మామూలు భోజనానికి ఆరు నుంచి ఎనిమిది వారాలు పడుతుంది. అప్పటికీ నాలుగు ముద్దలకే పొట్ట నిండుతుంది. రోజుకు 60 గ్రాములకు తగ్గకుండా మాంసకృత్తులు అందాలి. ఈ విషయంలో మాత్రం ద్వీపవాసి అదృష్టవంతుడే. ఆవిరిపై ఉడికించిన తాజా చేప కంటే తేలిగ్గా అరిగేది, మేలు చేసేది తక్కువ. కష్టమల్లా అలవాటు మానుకోవడంలోనే. చేపల పులుసుతో అన్నం కలుపుకునే ఇంట్లో చేప ముందు, అన్నం చివర అనే నియమం పెట్టడం చిన్న మార్పేమీ కాదు.

మూడో నెలలో జుట్టు రాలడం మొదలవుతుంది. చాలామందికి మళ్లీ వస్తుంది. వేగంగా బరువు తగ్గినప్పుడు పిత్తాశయంలో రాళ్లు ఏర్పడవచ్చు. ఏడాదిన్నర దాకా గర్భం దాల్చకూడదు. మద్యం ఇదివరకటి కంటే త్వరగా తలకెక్కుతుంది. బైపాస్ అయినవారు తీపి ఎక్కువ తింటే చెమటలు, దడ. ఇనుము, బి12, డి విటమిన్, కాల్షియం మాత్రలు జీవితాంతం వేసుకోవాల్సిందే.

ఇరుగుపొరుగు మాటలకు మాత్రం మందు లేదు. లావుగా ఉన్నప్పుడు తిండి తగ్గించమన్న నోళ్లే సన్నబడ్డాక ఏదైనా రోగమా అని ఆరా తీస్తాయి. పేరంటానికి వెళితే పళ్లెంలో మిగిలిన దాన్ని చూసి అలిగే బంధువులుంటారు. నాలుక మీది కోరిక చావకుండా పొట్టలో చోటు మాత్రమే పోయినప్పుడు కొందరిని దిగులు ఆవహిస్తుంది. ఆపరేషన్‌కు ముందు మానసిక నిపుణుడితో మాట్లాడించడం లాంఛనం కాదు. ఆ దిగులును ముందే పసిగట్టే ప్రయత్నం.

తీగ మీద వైద్యం

మరి సూదిమందులొచ్చాయి కదా, కోత ఎందుకన్న ప్రశ్న సహజమే. మౌంజారో 2025 మార్చిలో, వెగోవీ అదే ఏడాది జూన్‌లో భారత మార్కెట్లోకి వచ్చాయి. వారానికో ఇంజెక్షన్‌తో బరువు బాగానే తగ్గుతుంది. కానీ ఆపేస్తే చాలామందికి తిరిగి పెరుగుతుంది. చల్లని చోట నిల్వ చేయాల్సిన ఆ మందు సముద్రం దాటి క్రమం తప్పకుండా అందాలి. ద్వీపంలో అదీ ఒక దూరమే.

దూరాన్ని కాస్త తగ్గించిన మార్పు ఒకటుంది. 2020 ఆగస్టులో చెన్నై నుంచి అండమాన్‌కు సముద్రగర్భ కేబుల్ ప్రారంభమైంది. సుమారు 2,300 కిలోమీటర్ల ఆ తీగ వచ్చాక రాజధానిలో కూర్చుని చెన్నై వైద్యుడితో వీడియోలో మాట్లాడటం కుదిరే పనయింది. మూడు, ఆరు, పన్నెండు నెలలకు, ఆపైన ఏడాదికోసారి చేయించాల్సిన రక్తపరీక్షల్లో ముఖ్యమైనవాటికి స్థానికంగానే రక్తం ఇచ్చి, ఫలితాలను తెరమీద చూపించవచ్చు. అయితే తీగ మీద మాట వెళుతుంది కానీ కడుపు తడిమి చూసే చెయ్యి రాదు. ఆ చెయ్యి ద్వీపంలోనే ఉండాలి.

అందుకే జంగ్లీఘాట్ టీచర్ లాంటివారు చెన్నైలోనో, విశాఖలోనో శస్త్రవైద్యుడి ఎదుట కూర్చున్నప్పుడు ఎన్ని కిలోలు తగ్గుతానని అడిగితే చాలదు. తేడా చేస్తే మా ఊళ్లో నన్ను చూసేదెవరు, ఆయనతో మీరు మాట్లాడతారా, అర్ధరాత్రి ఫోన్ ఎవరెత్తుతారు అని కూడా అడగాలి. ఈ మూడింటికీ పేర్లు, నంబర్లతో సహా జవాబు వస్తే ఓడెక్కవచ్చు. రాకపోతే టికెట్ వాయిదా వేసుకోవడమే మంచిది. 96 కిలోలతో ఇంకో మూడు నెలలు ఉండటం కంటే, కుట్లతో, దిక్కులేకుండా, సముద్రానికి ఇవతల ఉండటమే పెద్ద ప్రమాదం.