భిలాయిలో ఒకే కీబోర్డు, రెండు భాషలు

రైలు టికెట్టు కావాలన్నా, ఆదాయ ధ్రువపత్రం కావాలన్నా, పెన్షన్‌కి జీవన్ ప్రమాణ్ అనే జీవిత ధ్రువపత్రం పంపాలన్నా భిలాయిలో జనం వెళ్లేది ఛాయిస్ సెంటర్‌కే. మన దగ్గర మీసేవ ఎలాగో ఛత్తీస్‌గఢ్‌లో అది అలాగ. అక్కడ కంప్యూటర్ ముందు కూర్చున్న కుర్రాడి చేతుల్ని కాసేపు గమనిస్తే చాలు, సగం పాఠం వచ్చేస్తుంది. అతను మౌస్ ముట్టుకునేది తక్కువ. పేరు కొడతాడు, ట్యాబ్ నొక్కుతాడు. వయసు కొడతాడు, మళ్లీ ట్యాబ్. ఒక గడి వెనక్కి పోవాలంటే షిఫ్ట్ పట్టుకుని ట్యాబ్. టిక్కు పెట్టాల్సిన చోట స్పేస్‌బార్. రాష్ట్రాల జాబితా తెరుచుకుంటే కిందికి వెతుక్కుంటూ పోకుండా మొదటి అక్షరం కొడతాడు, జాబితా అక్కడికే దూకుతుంది.

అదే ఫారం ఇంట్లో నింపే పెద్దాయన ప్రతి గడికీ కీబోర్డు మీంచి చెయ్యి తీసి, మౌస్ పట్టుకుని, బాణం గుర్తు ఎక్కడుందో వెతికి, నొక్కి, మళ్లీ కీబోర్డు దగ్గరికి వస్తారు. 2024 సెప్టెంబరులో పక్కనే ఉన్న దుర్గ్ నుంచి విశాఖపట్నానికి వందేభారత్ మొదలైంది. పార్వతీపురం, విజయనగరం మీదుగా వెళ్లే ఆ రైలుకి పండగ ముందు టికెట్టు తీయాలంటే నలుగురి పేర్లూ వయసులూ నింపేలోపే సీట్లు అయిపోవచ్చు. ట్యాబ్ అలవాటైన చేతికి అక్కడ తేడా తెలుస్తుంది.

షార్ట్‌కట్లు అనగానే యాభై అరవై వరుసల పట్టిక ప్రింటు తీసి గోడకి అంటించేవాళ్లున్నారు. అది పనిచేయదు. రోజూ చేసే పనిలో ఏది విసిగిస్తోందో చూసుకుని, దానికి సరిపడే ఒక్క కీ నేర్చుకుని, అది వేళ్లకి పట్టాక ఇంకోదాని జోలికి వెళ్లడమే మేలు.

అందరికీ తెలిసిన కాపీ, పేస్ట్‌కి కూడా ఒక కథ ఉంది. 1970లలో అమెరికాలో జిరాక్స్ కంపెనీ పరిశోధన కేంద్రంలో ల్యారీ టెస్లర్, టిమ్ మాట్ అనే ఇద్దరు జిప్సీ అనే రాత ప్రోగ్రాం తయారుచేశారు. కంప్యూటర్ నిపుణులు కానివాళ్లు కూడా తేలిగ్గా వాడగలగాలన్నది వాళ్ల పట్టుదల. కట్, కాపీ, పేస్ట్ ఇప్పుడున్న రూపానికి వచ్చింది అక్కడే. తర్వాత టెస్లర్ యాపిల్‌లో చేరారు. 1983లో వచ్చిన లీసా కంప్యూటర్‌లో ఈ పనులకి జెడ్, ఎక్స్, సి, వి అక్షరాలు కుదిరాయి. ఎక్స్ కొట్టివేత గుర్తులా ఉంటుంది, సి కాపీకి మొదటి అక్షరం, వి మొన కిందికి తిరిగి ‘ఇక్కడ చేర్చు’ అన్నట్టుంటుంది. చేసింది వెనక్కి తీసుకునే జెడ్ వాటి పక్కనే. నాలుగూ కింది వరుసలో ఎడమచేతికి అందేలా ఉన్నాయి కాబట్టి కుడిచెయ్యి మౌస్ మీద ఉన్నా పని ఆగదు. టెస్లర్ 2020లో కన్నుమూశారు. నాలుగు కీలూ మాత్రం ఇవాళ విండోస్‌లో కంట్రోల్‌తో, మ్యాక్‌లో కమాండ్‌తో అలాగే పనిచేస్తున్నాయి.

కంట్రోల్ సి అందరికీ తెలుసు. కొత్తది కాపీ చేయగానే పాతది పోతుందన్న బెంగ కూడా ఉంటుంది. 2018 చివర్లో వచ్చిన విండోస్ 10 మార్పులతో ఆ బెంగ తీరింది. విండోస్ కీ పట్టుకుని వి నొక్కితే ఈమధ్య కాపీ చేసినవన్నీ వరుసగా కనబడతాయి, కావలసింది ఎంచుకోవచ్చు. మొదటిసారి మాత్రం ‘ఆన్’ చేయమని అడుగుతుంది. జీవన్ ప్రమాణ్ నింపేటప్పుడు పెన్షన్ ఆర్డరు నంబరు, బ్యాంకు ఖాతా నంబరు మాటిమాటికీ చూసి కొట్టనక్కర్లేదు, అంకె తప్పు పోదు. అయితే ఆ వరుసలో పాస్‌వర్డు కూడా నిలిచి ఉండొచ్చు. నలుగురు వాడే కంప్యూటర్‌లో దీన్ని ఆన్ చేయకూడదు. అక్కడ బ్యాంకు పని ఉంటే క్రోమ్‌లో కంట్రోల్, షిఫ్ట్, ఎన్ నొక్కి వచ్చే ప్రైవేటు విండోలో చూసుకుని, లాగౌట్ చేసి, ఆ విండో మూసేయడం క్షేమం. కుర్చీలోంచి లేచేటప్పుడు విండోస్, ఎల్ నొక్కితే తెరకి తాళం పడుతుంది.

పొరపాటున మూసేసిన వెబ్ పేజీని కంట్రోల్, షిఫ్ట్, టి తిరిగి తెస్తుంది. పరీక్ష ఫలితాల జాబితాలో పిల్లవాడి రోల్ నంబరు వెతకాలంటే కంట్రోల్ ఎఫ్. కానీ ఆ జాబితా పీడీఎఫ్ కాగితాన్ని స్కాన్ చేసిన బొమ్మ అయితే కంప్యూటర్‌కి అందులో అక్షరాలు కనబడవు, నంబరు ఉన్నా లేదంటుంది. అప్పుడు కళ్లతో వెతకాల్సిందే. అక్షరాలు చిన్నగా ఉంటే కంట్రోల్ పట్టుకుని ప్లస్ నొక్కితే పేజీ పెద్దదవుతుంది. కళ్లజోడు మార్చుకోవాల్సి వచ్చిందేమోనని దిగులుపడే పెద్దవాళ్లకి ముందు చూపించాల్సిన కీ ఇదే.

ఇక భిలాయి తెలుగువాళ్లకి మిగతా అందరికన్నా ఎక్కువ పనికొచ్చే షార్ట్‌కట్ ఒకటుంది. అది కీబోర్డు భాషని మార్చే విండోస్, స్పేస్. ఎందుకో చెప్పాలంటే ఊరి సంగతి కొంచెం చెప్పాలి. సోవియట్ యూనియన్‌తో 1955లో కుదిరిన ఒప్పందంతో ఇక్కడ ఉక్కు కర్మాగారం వచ్చింది. 1959 ఫిబ్రవరి 4న అప్పటి రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ మొదటి బ్లాస్ట్ ఫర్నేస్‌ని ప్రారంభించారు. శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి పనికోసం వచ్చిన కుటుంబాలు ఇక్కడే స్థిరపడ్డాయి. సెక్టార్ 5 బాలాజీ మందిరం దగ్గరైనా, ఖుర్సీపార్ వీధుల్లోనైనా తెలుగు వినబడుతుంది. కానీ పిల్లల చదువు హిందీలోనో ఇంగ్లిష్‌లోనో. ఇంట్లో తెలుగు గడగడా మాట్లాడే మనవడు విజయనగరంలో ఉన్న అమ్మమ్మకి మెసేజ్ పెట్టాలంటే ఇంగ్లిష్ అక్షరాల్లోనే పెడతాడు.

హిందీ టైపింగ్ ఇన్‌స్క్రిప్ట్ పద్ధతిలో నేర్చుకున్న మనవడికి తెలుగు టైపింగ్ దాదాపు వచ్చేసినట్టే. ఈ సంగతి చాలామందికి తెలియదు. 1986లో కేంద్ర ప్రభుత్వ ఎలక్ట్రానిక్స్ శాఖ ఖాయం చేసిన ఇన్‌స్క్రిప్ట్ అమరికలో భాష ఏదైనా ఒక ధ్వనికి ఒకే చోటు. ఎడమచేతి వైపు అచ్చులూ గుణింతపు గుర్తులూ, కుడివైపు ఎక్కువగా హల్లులు. కె, సి, ఎన్ వరసగా నొక్కితే హిందీలో ఉన్నప్పుడు నాగరి లిపిలో కమల్ వస్తుంది. విండోస్, స్పేస్‌తో తెలుగుకి మారి అవే మూడు నొక్కితే ‘కమల’. పొల్లు డి కీ మీద, దాని షిఫ్ట్‌లో అ. షిఫ్ట్ డి, సి, డి, సి కొడితే ‘అమ్మ’ అయిపోయింది. హిందీలో లేని హ్రస్వ ఎ, ఒ లాంటివి కొన్ని మాత్రం కొత్తగా నేర్చుకోవాలి. ‘తెలుగు’లో తె రావాలంటే ఎల్, ఆ తర్వాత జెడ్. పాత టైప్‌రైటర్ పద్ధతిలో హిందీ నేర్చుకున్నవాళ్లకి ఈ సౌకర్యం లేదు, దాని అమరిక వేరు.

ఇన్‌స్క్రిప్ట్ రానివాళ్లకీ దారులున్నాయి. ఇంగ్లిష్ అక్షరాలతో కొడితే తెలుగు వచ్చే ఫొనెటిక్ కీబోర్డుని 2019లో విండోస్ 10లోనే చేర్చారు. సెట్టింగ్స్‌లో టైమ్ అండ్ ల్యాంగ్వేజ్‌లోకి వెళ్లి తెలుగుని చేర్చుకుని, కీబోర్డుల్లో ఫొనెటిక్‌ని ఎంచుకోవాలి. అంతకు చాలా ముందే, 2006లో, వీవెన్ అనే ఆయన తయారుచేసిన లేఖిని వెబ్‌సైటు ఎంతోమంది చేత ఇంటర్నెట్‌లో మొదటి తెలుగు మాట రాయించింది. ఏదీ ఇన్‌స్టాల్ చేయకుండా బ్రౌజర్‌లోనే రాసుకోవచ్చు. అందులో ఒక చిన్న కిటుకు ఉంది. ‘స్టీల్‌ప్లాంట్’ అని మామూలుగా కొడితే ల కింద ప ఒత్తుగా చేరి ‘స్టీల్ప్లాంట్’ అయి కూర్చుంటుంది. స్టీల్ తర్వాత షిఫ్ట్ పట్టుకుని 6 నొక్కితే వచ్చే టోపీ గుర్తు పెట్టి ప్లాంట్ కొడితే రెండూ విడివిడిగా నిలబడతాయి. ‘భిలాయ్‌లో’ అని రాయాలన్నా అంతే.

ఇలా రాసింది అన్ని యంత్రాలకీ ఒకటే అయిన యూనికోడ్ పద్ధతిలో ఉంటుంది కాబట్టి ఏ ఫోన్‌లోనైనా తెలుగుగానే తెరుచుకుంటుంది. డీటీపీ షాపుల్లో అను ఫాంట్లతో చేసినదానికి ఆ భరోసా లేదు. పాత ఫాంట్లలో తెలుగు అక్షరం లోపల నిజానికి ఉండేది ఇంగ్లిష్ అక్షరమో గుర్తో, పైన కనబడేది మాత్రం తెలుగు ఆకారం. విజయనగరంలో కంపోజ్ చేసిన పెళ్లి శుభలేఖ ఫైలు ఆ ఫాంటు లేని భిలాయి కంప్యూటర్‌లో పిచ్చి గుర్తులుగా తెరుచుకునేది అందుకే. అక్కడివాళ్లనే పీడీఎఫ్ చేసి పంపమని అడిగితే సరిపోతుంది. చాలా ప్రోగ్రాముల్లో కంట్రోల్ పి నొక్కి, ప్రింటర్ పేరు ఉన్నచోట పీడీఎఫ్‌ని ఎంచుకుంటే చాలు. ఫాంటు కూడా ఆ ఫైల్లోనే చేరితే ముహూర్తం అంకెలతో సహా శుభలేఖ ఉన్నదున్నట్టు చేరుతుంది.