చీనా నగరులో హిందూస్తాన్ యష్మ్

మన ఇండ్లలో సాంబ్రాణి వేసే ఊద్‌దాన్ మట్టిదో ఇత్తడిదో అయి ఉంటుంది. చీనా చక్రవర్తుల నగరులో జేడ్ రాతితో చేసినవి కూడా ఉండేవి. జేడ్‌ను ఫార్సీలో యష్మ్ అంటారు. తెలుగులో దీనిని 'పచ్చ' అని అనువదించే అలవాటొకటి ఉన్నది గాని అది సరికాదు. పచ్చ అంటే మరకతం, వేరే రాయి. పైగా ఖోతాన్ నదులలో దొరికే మేలిరకం యష్మ్ తెల్లగా, గొర్రె కొవ్వు వన్నెలో ఉంటుంది.

ఈ రాయి ఉలికి లొంగదు. తిరిగే చక్రానికి తడి ఇసుక పట్టించి కొద్దికొద్దిగా అరగదీయవలసిందే. మూడు కాళ్ళు, రెండు చెవులు గల ధూపపాత్ర ఆకృతి ప్రాచీన కంచు పూజాపాత్రల నుండి వచ్చినది. చెవులకు వ్రేలాడే కడియాలను విడిగా చేసి తగిలించరు. పాత్రతోపాటు ఒకే రాతి నుండి తొలుస్తారు. ప్రక్కన సుగంధద్రవ్యానికి ఒక భరిణె, పుల్లలకూ గరిటెకూ ఒక చిన్న కూజా ఉంచేవారు.

1759లో చియెన్‌లుంగ్ చక్రవర్తి సేనలు యార్కండ్, కాష్గర్‌లను జయించాయి. ఖోతాన్ రాయి కప్పంగా రాసాగింది. దానితోపాటు హిందూస్తాన్‌లో మలచిన పాత్రలు కూడా ఆయన చేతికి చేరాయి. కాగితమంత పలుచని అంచులు, తామర రేకులు, ఆకుల తీగలు చూచి ఆయన ముగ్ధుడైనాడు. వాటిపై పద్యాలు వ్రాశాడు. 1768లో హిందూస్తాన్ గురించి ఒక వ్యాసమే వ్రాశాడు. అక్కడివారు నీటితో రాతిని అరగదీస్తారని ఆయన నమ్మిక. రాజులకు పనివాడి కష్టం అంతవరకే కనబడుతుంది కాబోలు! పిమ్మట తన కార్ఖానాలలోనే ఆ పద్ధతిలో పాత్రలు, ధూపపాత్రలు చేయించాడు.

'హిందూస్తాన్ పని' అని ఆయన కొలువులో పేరుపడిన వాటిలో కొన్ని ఉస్మానీ తుర్కీవి కూడా. ఏవైనా, ఈ తరహా ధూపపాత్రను ఉత్త 'చీనా కళ' అనేస్తే ఆ శిల్పుల పాలు మరుగున పడుతుంది. వారిలో చాలామంది పేర్లు మనకు దక్కనే లేదు. జహంగీర్ కొలువులోని సయీదాయె గీలానీ వంటి కొద్దిమందే మినహాయింపు.

మొగల్ యష్మ్ పనిని చూడటానికి మన విశాఖవారు చీనా వెళ్ళనక్కరలేదు. హైదరాబాదు సాలార్‌జంగ్ మ్యూజియంలో జేడ్ వస్తువులకు ప్రత్యేకంగా ఒక గది ఉన్నది. షంసుద్దీన్ అల్తమష్ పేరు గల రెహాల్, నూర్జహాన్‌దని చెప్పే పండ్లు కోసే చాకు, షాజహాన్ విలుకాని ఉంగరం అక్కడివే. ఆ ఉంగరంపై 'సాహిబె ఖిరానె సానీ' అనే ఆయన బిరుదు, హిజ్రీ 1040 (క్రీ.శ. 1630-31) సంవత్సరం చెక్కి ఉన్నాయి.