ఇంటిల్లిపాదికీ ఒకే తీపి – చక్కెర వేయని గుడ్డు జున్ను

క్రిస్మస్, కొత్త సంవత్సరం దాటగానే మా షుగరు క్లినిక్ ముందు బెంచీలు నిండిపోతాయి. వచ్చేవారిలో చాలామంది నెలనెలా మాకు కనిపించేవారే. నవంబరులో అదుపులో ఉన్న షుగరు జనవరి మొదటి వారానికి ఎక్కడికో పోయి ఉంటుంది. "పండగ కదా సిస్టర్, ఒక్క అరిసె తిన్నాను" అంటారు. పక్కన కూర్చున్న కోడలు మాత్రం నవ్వు ఆపుకుంటూ ఉంటుంది.

ఒక మామ్మగారి సంగతి మాకు గుర్తుండిపోయింది. పండగ రోజు ఇంట్లో అందరికీ కేకు, అరిసెలు, కజ్జికాయలు పెట్టి, ఆమె పళ్లెంలో మాత్రం కీరా ముక్కలు పెట్టారట. అందరూ పడుకున్నాక ఆమె వంటింట్లోకి వెళ్లి డబ్బా మూత తీశారు. ఎన్ని తిన్నారో ఆమెకే లెక్క తెలియదు. మేము ఆమెను కోప్పడలేదు. వేరే పళ్లెం పెడితే ఎవరికైనా మనసు డబ్బా మీదికే పోతుంది. అందుకే అందరూ కలిసి తినే తీపి ఒకటి చేయమని ఇళ్లవారికి చెబుతున్నాం.

జున్ను పాలు దొరకనప్పుడు గుడ్లతో జున్ను చేయడం మనలో చాలామందికి తెలిసిందే. అదే చక్కెర లేకుండా చేద్దాం. ఆరుగురికి అర లీటరు పాలు, 4 గుడ్లు, ఆరు ఏలకులు, పావు టీచెంచా మిరియాల పొడి, చిటికెడు ఉప్పు చాలు. పాలు కాచి పూర్తిగా చల్లార్చండి. వేడి పాలలో గుడ్డు పోస్తే విరిగినట్లు ముక్కలైపోతుంది. గుడ్లు నురగ రాకుండా గిలకొట్టి, పాలలో కలిపి, వడకట్టండి. వడకట్టడం మానవద్దు, గుడ్డు వాసన చాలావరకు అక్కడే పోతుంది. మిగిలిన వాటా ఏలకులు, మిరియాలు చూసుకుంటాయి.

తీపి కోసం సుక్రలోజ్ వాడండి, అది వేడికి తట్టుకుంటుంది. అస్పర్టేమ్ ఉడికితే తీపి పోతుంది. ఎంత వేస్తే ఎన్ని చెంచాల చక్కెరకు సమానమో డబ్బా మీద రాసి ఉంటుంది. ఆరు చెంచాలకు సరిపడా వేసి రుచి తరువాత చూసుకోండి. గిన్నె మీద పళ్లెం మూసి, కుక్కరులో నీళ్లు పోసి, వెయిట్ పెట్టకుండా సన్నని సెగ మీద 25 నుంచి 30 నిమిషాలు ఆవిరి పట్టండి. మధ్యలో చాకు గుచ్చితే శుభ్రంగా బయటికి రావాలి. పచ్చిగా ఉంటే ఇంకా ఉంచండి, సగం ఉడికిన గుడ్డు ఎవరికీ మంచిది కాదు.

ఇందులో పిండిపదార్థం దాదాపు అంతా పాలలో ఉన్నదే. ఒక్కొక్కరి వాటాకు 5 గ్రాముల లోపే వస్తుంది. ఇదే జున్నులో 150 గ్రాముల చక్కెర పోస్తే ఒక్కొక్కరికీ మరో 25 గ్రాములు, అంటే 5 టీచెంచాల చక్కెర అదనం.

"బెల్లం వేస్తే ఫరవాలేదు కదా?" అని ప్రతి ఏడాదీ అడుగుతారు. ఫరవా ఉంది. బెల్లం, తేనె, ఖర్జూరం అన్నీ షుగరును పెంచేవే. కస్టర్డు పౌడరు మొక్కజొన్న పిండే. షుగర్ ఫ్రీ అని రాసిన బిస్కెట్లలోనూ మైదా ఉంటుంది. గుడ్డు తిననివారు చైనా గ్రాసుతో పాలను గడ్డకట్టించుకోవచ్చు. మూత్రపిండాల జబ్బు ఉన్నవారు డాక్టరును అడిగి తినండి. బరువు తగ్గడానికని ఇలాంటి కృత్రిమ తీపిని వాడవద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో చెప్పింది. ఆ సలహా షుగరు జబ్బు ఉన్నవారికి ఉద్దేశించినది కాదు. అయినా పిల్లలకు దీన్ని రోజువారీ అలవాటు చేయకండి, పండగకు సరే.

ఇక అసలు జాగ్రత్త. ఇన్సులిన్, లేదా గ్లిమెపిరైడ్ వంటి బిళ్లలు వేసుకునేవారు భోజనం మానేసి ఈ జున్ను మాత్రమే తింటే షుగరు పడిపోవచ్చు. పండగ ముందు రాత్రి ఆరాధనకు వెళ్లే తొందరలో సూది వేసుకుని అన్నం మరిచిపోయేవారు మాకు తెలుసు. ఒళ్లంతా చెమటలు, వణుకు, గుండెదడ, తికమక మాటలు కనిపిస్తే వెంటనే మూడు టీచెంచాల చక్కెర నీళ్లలో కలిపి తాగించండి. ఆ సమయంలో ఈ జున్ను పెట్టకండి. నోటికి తియ్యగానే ఉంటుంది గానీ రక్తంలో షుగరును లేపలేదు. 15 నిమిషాలకు తేరుకోకపోతే మళ్లీ ఇవ్వండి, తేరుకున్నాక అన్నం పెట్టండి. స్పృహ లేకపోతే నోట్లో ఏమీ పోయవద్దు, వెంటనే ఆసుపత్రికి తీసుకురండి. కాబట్టి ఇంట్లో చక్కెర డబ్బా పూర్తిగా తీసేయకండి, అందరికీ తెలిసిన చోట ఉంచండి.

జున్ను చల్లారాక ఫ్రిజ్‌లో పెడితే రెండు రోజులు నిలుస్తుంది. ఫ్రిజ్ లేని ఇళ్లవారు ఏ పూటకు ఆ పూట చేసుకోండి.