తడియని పొర, తియ్యని నీరు

అనంతపురము సీమలో నీరు లేదనుట సగము మాత్రమే నిజము. ఉన్న నీరు నోటికి పనికిరాకపోవుట తక్కిన సగము. నైరుతి మేఘములను పడమటి కనుమలు అడ్డగించును. ఈశాన్య ఋతుపవనము తూర్పుతీరమునుండి ఇంతదూరము వచ్చునప్పటికి డస్సిపోవును. ఏటికి సగటున 550 మిల్లీమీటర్లకు అటునిటుగా వాన. దేశములో జైసల్మేరు తరువాత ఇంత తక్కువ వాన కురియునది ఈ సీమయే యని చెప్పుట పరిపాటి. కురిసిన ఆ కొంచెమును ఎఱ్ఱ గరపనేలలో ఇంకి, రాతిపగుళ్లలోనికి దిగి, అచ్చట ఏండ్లతరబడి నిలిచి, రాతిలోని లవణములను, వానితోపాటు ఫ్లోరైడును కరిగించుకొనును. ఎండ నీటిని లాగివేయును, ఉప్పును విడిచిపెట్టును. కనుకనే ఇక్కడి రైతు బోరు వేయించి నీరు పడినదని సంతోషించుటకు ముందు ఒక పుక్కిలి నోట పోసికొని చూచును.

ఫ్లోరైడు నాలుకకు తెలియదు. ఉప్పదనమైన కనీసము హెచ్చరించును, ఇది హెచ్చరింపదు. లీటరుకు ఒకటిన్నర మిల్లీగ్రాములు దాటిన నీటిని ఏండ్లతరబడి త్రాగినవారికి పండ్లు గారపట్టును, పిమ్మట ఎముకలు బిగిసికొని నడుము వంగును. ఈ వ్యాధిని మనదేశమున మొదట గుర్తించినది 1937లో, నాటి నెల్లూరు మండలమున. కాచినంత మాత్రమున ఈ విషము పోదు సరికదా, నీరు ఇగిరినకొలది చిక్కనగును.

దీనికి ఉపాయములు వెదకకపోలేదు. 1995లో సత్యసాయి ట్రస్టువారు ప్రారంభించిన పథకము 731 గ్రామములకు గొట్టములద్వారా మంచినీటినందించినది. 2014లో ఇరువది లీటర్లు రెండు రూపాయలకిచ్చు సుజల స్రవంతి వచ్చినది. ఊరూర వెలసిన శుద్ధి యంత్రములలో పనిచేయునది ‘ఆర్వో’ పొర. 1960 ప్రాంతమున కాలిఫోర్నియా విశ్వవిద్యాలయములో సిడ్నీ లోబ్, మన దేశీయుడైన శ్రీనివాస సౌరిరాజన్ కలిసి దీనిని పనికివచ్చు రూపమునకు తెచ్చిరి. పొర కటువైపు నీటిని బలముగా ఒత్తిన, నీరు దాటును, ఉప్పు నిలుచును. పద్ధతి మంచిది, చవుక. అయితే నిలిచిపోయిన ఉప్పు ఎచ్చటికి పోవును? పోసిన నీటిలో సగమువరకును మఱింత చిక్కని ఉప్పునీరై యంత్రమునుండి వెలికి వచ్చును. దానిని కాలువలోనికో, బీటిలోనికో వదలుచున్నారు. ఆ నీరు మరల నేలలో ఇంకును. నేలనుండి ఒక బిందె తోడి, సగము త్రాగి, తక్కిన సగమును మునుపటికి రెట్టింపు ఉప్పుతో నేలకే అప్పగించుట ఈ కరవుసీమకు ఎంతకాలము చెల్లునో ఆలోచింపవలసియున్నది.

ఇట్టి చిక్కని ఉప్పునీటికి జంకని పద్ధతి మరియొకటి కలదు. దాని కీలకమును తామరాకు ఎన్నడో చూపినది. ఆకు మీది నీటిబొట్టు ముత్యమై దొరలునేగాని ఆకును తడుపదు. ఈ తడియని గుణము గల పదార్థముతో సన్నని పొర చేసి, దానినిండ మైక్రానులో కొద్ది వంతు మాత్రమే యుండు రంధ్రములుంచినారనుకొందము. ఒకవైపు 60, 70 డిగ్రీల వేడి ఉప్పునీరు. రెండవవైపు చల్లని మంచినీరు. నీటి తలము బొట్టువలె బిగిసియుండుటచే ఆ రంధ్రములలోనికి నీరుగా చొరలేదు. ఆవిరికి మాత్రము అడ్డులేదు. వేడివైపున పుట్టిన ఆవిరి రంధ్రములగుండ దాటి చల్లనివైపున మరల నీరగును. ఉప్పునకు, ఫ్లోరైడునకు ఆవిరియగు శక్తి లేదు గనుక అవి వెనుకనే నిలుచును. బట్టీపెట్టుట వంటిదే యిది. కాని నీరు మరుగనక్కరలేదు, ఆవిరి చేయవలసిన ప్రయాణము వెంట్రుక మందముకూడ నుండదు. శాస్త్రజ్ఞులు దీనిని పొర స్వేదనమందురు.

ఊహ క్రొత్తది కాదు. 1963లోనే అమెరికాలో దీనికి పేటెంటు కోరిరి. అప్పుడు తగిన పొర లేకపోయినది. 1938లో కనుగొన్న టెఫ్లాను తడియనిదే గాని దానిలో రంధ్రములుంచుట తెలియదు. 1969లో బాబ్ గోర్ దానిని ఒక్కపెట్టున సాగదీయగా అసంఖ్యాకమైన రంధ్రములు గల పొర వచ్చినది. అది ముందు వానకోటు గుడ్డయైనది. పిమ్మటనే నీటి పరిశోధకుల చేతికి వచ్చినది.

ఇటీవలి వారు సాగదీయుట మాని వడకుట మొదలిడిరి. ధర్మవరపు మగ్గముల సీమకు పోగు, పడుగు క్రొత్త మాటలు కావు. కాని ఈ పోగునకు రాట్నము విద్యుత్తు. ప్లాస్టిక్ ద్రావణమును సన్నని సూదిగుండ పంపుచు దానికి వేల వోల్టుల విద్యుత్తునిచ్చినచో, బొట్టు రాలక దారమై సాగి, వెంట్రుకలో నూరవవంతు సన్నమై, ఎదుటి రేకుమీద సాలెగూడువలె పేరుకొనును. 1934లో ఫార్మ్‌హాల్స్ అను ఆయన దీనికి పేటెంటు పొందెను. కాలము మరచిన ఆ విద్యను మరల వెలుగునకు తెచ్చినవారిలో ఆంధ్ర విశ్వవిద్యాలయమున చదివి, సింగపూరు జాతీయ విశ్వవిద్యాలయమున ఆచార్యుడైన సీరాం రామకృష్ణ ఒకరు. ఆయన సహచరులతో కూడి వ్రాసిన గ్రంథము 2005లో వెలువడినది. నీటి వడపోతకు ఈ పోగుల పొరలను పరీక్షించిన వారిలో ఆయన బృందమును కలదు.

పొరకు గల పెద్ద జబ్బు తడిసిపోవుట. సబ్బునీరో, నూనెయో సోకిన నీటి బిగువు సడలి రంధ్రములలోనికి చొచ్చును; ఒకమారు చొచ్చినదా, ఉప్పునకు త్రోవ తెరచినట్లే. 2021లో దక్షిణ కొరియా పరిశోధకులు ఒక పోగు లోపల ఒక పదార్థము, పైన సిలికా ఏరోజెల్ కలిసిన తొడుగు ఉండునట్లు వడికి, అట్టి పొరను నెలరోజులు ఎడతెగక నడిపిరి. ఉప్పులో నూటికి 99.99 వంతులు నిలిచినవని ప్రకటించిరి. నెల గొప్పయే, అయితే అది ప్రయోగశాలలోని నెల. అనంతపురపు బోరునీటిలోని సున్నము వేడికి గారకట్టును. ఇక్కడి ఇంట వేడినీళ్ల కాగు అడుగు చూచిన వారికి ఆ సంగతి వేరుగ చెప్పనక్కరలేదు.

ఇక లెక్క. లీటరు నీటిని ఆవిరి చేయుటకు రమారమి 0.65 యూనిట్ల వేడి కావలయును. వెయ్యి లీటర్లకు 650 యూనిట్లు. అంతటి ఉప్పునీటినే ఆర్వో ఒకటి రెండు యూనిట్ల కరెంటుతో శుద్ధిచేయును. ఈ అంకెను దాచి పొర స్వేదనమును పొగడువారి మాట నమ్మదగినది కాదు. కరెంటుతో నీరు కాచి ఈ పని చేయుట తెలివితక్కువ. వేడి ఊరక దొరకు చోటనే దీనికి స్థానము. మాల్దీవులలోని గుల్హి దీవిలో 2014లో విద్యుత్కేంద్రపు వృథా వేడితో ఇట్టి యంత్రమును నడిపిరి.

అనంతపురమున వేడికి కొదవ యేమి? చదరపు మీటరుపై దినమునకు అయిదు యూనిట్లకు మించి ఎండ పడును. అందులో సగము నీటిని కాచినను నాలుగు లీటర్ల మంచినీరు. ఒకమారు ఆవిరి నీరగునప్పుడు విడుచు వేడిని తరువాతి పొరకందించిన ఇంకను ఎక్కువ. 2019లో సౌదీ అరేబియాలోని అబ్దుల్లా రాజ విశ్వవిద్యాలయమువారు సౌర ఫలకము వెనుక ఇట్టి పొరలను దొంతిగా అమర్చిరి. ఫలకము కరెంటునిచ్చుచునే, వృథాయగు తన వేడితో చదరపు మీటరుకు గంటకు ఒకటిన్నర లీటర్లకు పైగా నీరిచ్చినది.

2022వరకు అనంతపురము జిల్లాలోనే యుండి, ఇప్పుడు శ్రీ సత్యసాయి జిల్లాకు చెందిన నంబులపూలకుంటలో సౌర ఫలకములు పొలములంత మేర పరచియున్నవి. 2016నుండి అవి కరెంటునిచ్చుచున్నవి. వానిని వేడెక్కించిన ఎండ గాలిలో కలిసిపోవుచున్నది. ఆ చుట్టుపట్ల ఏదేని ఒక ఊరి ఆర్వో యంత్రము వదలు ఉప్పునీటిని ఒక తొట్టిలోనికి మళ్లించి, నాలుగు ఫలకముల వెనుక పొరలు కట్టి, ఒక వేసవి, ఒక వానకాలము నడిపి, గార ఎంత పట్టినది, పొర ఎన్నినాళ్లకు తడిసినది, లీటరు నీరు ఎంతకు పడినది వ్రాసియుంచినచో చాలును. తొట్టి అడుగున మిగులు ఉప్పును ఎండబెట్టి గోతాముల కెత్తవచ్చును. అది నేలలోనికి పోదు.